తినేస్తే పోతుందా?

పోయిన నెలలో ఒక ఆదివారం, విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్కావాళ్ళింట్లో భోజనాలయ్యాక బావ ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. వరిమడి చుట్టూ నడుము లోతు కాలువ, కాలువలో వల బుట్టలు, బుట్ట పైకి లాగితే గలగలమంటూ ఎర్రటి జీవాలు. ముందుకాళ్ళు చూస్తే పీత, ఒళ్ళు చూస్తే రొయ్య. క్రేఫిష్ అంటారు. "ఒకటే ఎకరం, రెండు పంటలు" అని వీడియోలో ఆయన ఊదరగొడుతున్నాడు. బావకి నక్కపల్లి వైపు వనామీ రొయ్యల చెరువులున్నాయి. రేటు పడిపోయిన రోజుల్లో ఇలాంటి వీడియో కంటపడితే ఆయనకి నిద్ర పట్టదు.

"తెప్పించి వేశావే అనుకో. కాలువలో పడితే ఏం చేస్తావు బావా?" అన్నాను.

"పడితే పడనీరా. మనోళ్ళు వదుల్తారా? పట్టుకుని ఇగురు పెట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి ఒక్కటి మిగలదు" అన్నాడు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నిజమే కదా అనిపించింది కూడా. పొలం పీతల్ని, గెడ్డలో, అంటే వాగులో, నత్తల్ని, తొలకరికి లేచే ఉసుళ్ళని కూడా వదలని వాళ్ళం మనం. కానీ ఇంటికొచ్చాక ఆ మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. ఎందుకంటే ఆ హాల్లోనే, టీవీ పక్కన, మా మేనల్లుడి అక్వేరియంలో అలాంటిదే ఒకటి కూర్చుని మా మాటలు వింటోంది.

వాడిదేమో నీలం రంగుది. షాపులో 'బ్లూ లాబ్‌స్టర్' అని అమ్మారు. లాబ్‌స్టర్ సముద్రంలో ఉంటుంది, ఇది మంచినీళ్ళలో బతికేది. తెచ్చిన వారానికి తోడున్న గప్పీ చేపల్ని ఒక్కొక్కటే తినేసింది. ఆ పై వారం ఎయిర్ పంపు గొట్టం పట్టుకుని పైకెక్కి, మూత సందులోంచి దిగి, తెల్లారేసరికి చెప్పుల స్టాండు వెనకాల తేలింది. బతికే ఉంది. మా అక్క చీపురుతో తియ్యబోతే ముందుకాళ్ళు రెండూ పైకెత్తి ఆవిడ మీదకే తిరగబడింది. మొప్పలు తడారకుండా ఉంటే చాలు, దానికి రాత్రంతా నేల మీద గడిచిపోతుంది. అదీ అసలు సంగతి. కాలువ నుంచి మడికి, మడి నుంచి పక్క చెరువుకి వెళ్ళడానికి దానికి నీటి దారే అక్కర్లేదు. తడి గట్టు చాలు.

చిన్నాన్న మడమ

మా ఊరు అనకాపల్లి దాటాక, కొండకర్ల ఆవ దగ్గర. శారదా నది నీళ్ళు పారే పల్లం. అక్కడ మా చిన్నాన్న ఇప్పటికీ వ్యవసాయం చేస్తాడు. ఆయన గట్టు మీద నడిస్తే మామూలుగా నడవడు, మడమతో నొక్కుతూ నడుస్తాడు. మెత్తగా దిగిందంటే కింద పీత కన్నం ఉన్నట్టు. పారతో తవ్వి, గడ్డి కుక్కి, బురద వేసి తొక్కుతాడు. ఒక్క కన్నం చూడకుండా వదిలేస్తే సాయంత్రం పెట్టిన నీళ్ళు తెల్లారేసరికి కింది మడిలో ఉంటాయి. కింది మడివాడు వచ్చి మనకి థాంక్స్ చెప్పడు కూడా.

ఈ పీతతో మన రైతుకి వందల ఏళ్ళ తగవు. కానీ అది ఇద్దరికీ తెలిసిన తగవు. పొలం పీత పిల్లల్ని పొట్ట కింద మోసుకుని తిరుగుతుంది. కొంగలు తింటాయి, నక్కలు తింటాయి, మనం తింటాం. దాని లెక్క దానికుంది.

క్రేఫిష్ లెక్క వేరు. మన దేశపు నీళ్ళలో పుట్టిన క్రేఫిష్ ఒక్క రకం కూడా లేదు. బావ వీడియోలోని ఎర్రరకం అమెరికా దక్షిణపు బురద నేలల నుంచీ, ఉత్తర మెక్సికో నుంచీ వచ్చింది. ఆడది ఒక ఈతకి రెండు మూడు వందల గుడ్లు తోక కింద పెట్టుకుంటుంది. మన నీళ్ళలాంటి వెచ్చటి నీళ్ళలో పిల్ల నాలుగైదు నెలలకే తల్లి కాగలదు. నీరు తగ్గితే గట్టులోకి తవ్వుకుంటూ పోయి, తడి తగిలేదాకా దిగి, మట్టి మూత పెట్టుకుని కూర్చుంటుంది. ఎండాకాలం చెరువు ఎండగడితే చస్తుందనుకుంటాం మనం. అది హాయిగా లోపల గుడ్లు పెట్టుకుంటుంది.

నీటి మొక్కల్ని అది తినేదానికంటే కొరికి పడేసేదే ఎక్కువ. మొక్కలు పోయాక అడుగు బురద లేస్తుంది, నీళ్ళు మట్టి రంగుకి తిరుగుతాయి, వెలుతురు లోపలికి దిగదు, కొత్త మొక్క మొలవదు. ఒకసారి అలా తిరిగిన నీరు మళ్ళీ తేటపడటం చాలా కష్టం. కొండకర్ల ఆవలో తాటి దోనె ఎక్కి తామరాకుల మధ్య తిరిగిన వాళ్ళకి నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు. కొల్లేరు తర్వాత మనకున్న పెద్ద మంచినీటి సరస్సు అది. అక్కడికి పిట్టలు వచ్చేది ఆ మొక్కల కోసమే.

ఇక వరి. పోర్చుగల్‌లో మొండేగు నది లోయ వరిపొలాల్లో పరిశీలించిన వాళ్ళు తేల్చిందేమిటంటే, నీళ్ళలో చల్లిన విత్తనం మొలకెత్తే దశలో క్రేఫిష్ నష్టం చేస్తుంది, కాస్త ముదిరిన నారు జోలికి పెద్దగా పోదు. ఇది చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. మనది నాట్ల పద్ధతి కదా. తర్వాత చిన్నాన్నకి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "నాట్లకి మనుసులేరిరా? ఈ ఏడు సగం ఎదజల్లేశాను" అన్నాడు. ఊపిరి మళ్ళీ బిగబట్టాను.

నాకు అన్నిటికంటే భయం అరకు వైపు. చైనాలో యునాన్ కొండల్లో హానీ జనం వందల ఏళ్ళుగా మెట్లు మెట్లుగా వరి పండిస్తున్నారు. ఆ పొలాలకి యునెస్కో గుర్తింపు కూడా ఉంది. అక్కడికి ఎవరో క్రేఫిష్ తెచ్చి వదిలారు. గట్లు తూట్లు పడి పై మెట్టు నీళ్ళు కింది మెట్లకి కారిపోవడం మొదలైంది. సర్కారు జనాన్ని పెట్టి ఏరించాల్సి వచ్చింది. అదే చైనాలో, హుబే మైదానంలో, అదే క్రేఫిష్‌ని వరిలో కలిపి పెంచి కోట్లు గడిస్తున్నారు. బావ చూసిన వీడియో ఆ మైదానానిది. మన ఏజెన్సీలో కొండవాలు మడులన్నీ ఒకే గెడ్డ నీటిని పై నుంచి కిందికి పంచుకుంటాయి. ఆ వీడియో అక్కడి కుర్రాడి ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటుంది.

ఇగురు పెట్టేస్తే

సరే, అసలు మాటకి వస్తాను. తినేస్తే పోతుందా?

స్పెయిన్‌లో సెవిల్ దగ్గర గ్వాదల్కివిర్ నది పల్లపు నేలలు అచ్చంగా మన డెల్టాలాంటివి, వరి పండే నేలలు. 1974లో అమెరికా నుంచి క్రేఫిష్ తెచ్చి అక్కడ వదిలారు, తిందామనే, అమ్ముదామనే. గట్లకి కన్నాలు పడ్డాయని మొదట్లో రైతులు లబోదిబోమన్నారు. తర్వాత పట్టుకోవడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఎగుమతులు వచ్చాయి. ఇస్లా మయోర్ అనే ఊరికి అదే జీవనాధారం అయింది. 2016లో యూరోపియన్ యూనియన్ ఈ జాతిని ప్రమాదకరమైన పరాయి జీవుల జాబితాలో పెట్టింది. అదే ఏడాది స్పెయిన్ సుప్రీంకోర్టు తీర్పుతో ఆ వ్యాపారానికే ఎసరొచ్చింది. అప్పుడేమైంది? ఊరు ఊరంతా రోడ్డెక్కింది. 2018లో చట్టం సవరించి పట్టుకునే వీలు మళ్ళీ కల్పించారు.

నలభై ఏళ్ళు తిన్నారు. పోలేదు. పైగా, పోనివ్వకూడదని పోట్లాడే మనుషులు తయారయ్యారు. నేను వాళ్ళని తప్పు పట్టను. ఆ ఊళ్ళో పుట్టి ఉంటే నేనూ జెండా పట్టుకునేవాణ్ణి. నా గొడవల్లా ఒక్కటే. 'తినేస్తాం' అన్నప్పుడు మనం దాన్ని అంతం చేస్తామని చెప్పడం లేదు, దానికి రేటు కడతామని చెబుతున్నాం. రేటున్న సరుకు అయిపోవాలని ఏ వ్యాపారీ కోరుకోడు. దొరకని ఊళ్ళో కూడా దొరికితే బాగుండునని రెండు బకెట్లు తీసుకెళ్ళి వదిలేవాడు ఎక్కడైనా ఉంటాడు.

మడగాస్కర్‌లో జరిగింది అదే. అక్కడి క్రేఫిష్ ఇంకో రకం, ఒంటి మీద పాలరాయి మచ్చలుంటాయి కాబట్టి మార్బుల్ క్రేఫిష్ అంటారు. 1990లలో జర్మనీలో అక్వేరియం వ్యాపారంలో మొదట కనబడింది. దానికి మగది అక్కర్లేదు. ఆడది తనంతట తనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లలోంచి వచ్చేవన్నీ తల్లికి జిరాక్స్ కాపీలే. 2018లో హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు దాని జన్యువుల్ని చదివి, ప్రపంచంలో ఉన్నవన్నీ ఒకే తల్లి సంతానమని తేల్చారు. మడగాస్కర్‌లో 2007 నుంచి పదేళ్ళలో అది పాకిన ప్రాంతం వంద రెట్లు పెరిగింది. అక్కడ జనం తినడం లేదా అంటే, తింటున్నారు. సంతల్లో అమ్ముతున్నారు. సంత నుంచి సంతకి బతికున్నవే వెళ్తాయి మరి.

పట్టడంలోనే ఒక మెలిక ఉంది. వల బుట్టలో పడేవి ఎక్కువగా పెద్దవి, తిరుగుబోతులు. గుడ్లున్న ఆడవి కన్నం వదిలి రావు. పిల్లలు బుట్ట సందుల్లోంచి జారిపోతాయి. ఈ జాతి తన పిల్లల్ని తనే తింటుంది. అంటే పెద్దవాటిని మనం ఇగురు పెట్టేకొద్దీ పిల్లలకి మేలు చేస్తున్నాం, తిండికి పోటీ తగ్గి అవి త్వరగా ఎదుగుతాయి. ఏళ్ళ తరబడి, ప్రతి సీజన్‌లో, విసుగు లేకుండా పడితే సంఖ్య తగ్గుతుంది. ఒక్క ఏడాది మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మందు కొట్టవచ్చు. సైపర్‌మెత్రిన్ లాంటి మందులకి క్రేఫిష్ చస్తుంది. ఆ కాలువ నీళ్ళు కిందికి పారి బావ చెరువులోకి వెళ్తే వనామీ కూడా చస్తుంది. రెండూ చుట్టాలే కదా.

వనామీ మాత్రం మనదా?

ఇదంతా ఫోన్‌లో చెబితే బావ ఓపిగ్గా విన్నాడు. విని, "మరి వనామీ ఎక్కడిదిరా? మీ తాతగారు తెచ్చారా?" అన్నాడు.

ఈ ప్రశ్నకి నేను రెండు రోజులు తడుముకున్నాను. వనామీ పసిఫిక్ తీరంలో మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే రొయ్య. 2009లో మన దేశంలో పెంచడానికి అనుమతిచ్చారు. ఇవాళ మన తీరం దాని మీదే తింటోంది, మా అక్క కూతురి ఇంజినీరింగ్ ఫీజు కూడా అదే కట్టింది. పరాయిదైతే చెడ్డదే అని నేను అనలేను. అంటే అన్నం పెట్టినదాన్ని తిట్టినట్టే. మిరపకాయే మనది కాదు.

తేడా పుట్టుకలో ఉంది. వనామీ పిల్ల పుట్టాలంటే ఉప్పునీళ్ళు కావాలి, హేచరీ కావాలి, తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో రావాలి. అవి చెన్నైలో క్వారంటైన్ కేంద్రంలో ఆగి, పరీక్షలయ్యాకే హేచరీలకి వెళ్తాయి. చెరువు గట్టు తెగి నాలుగు వనామీలు గెడ్డలో పడితే వాటి కథ అక్కడితో సరి. క్రేఫిష్‌కి హేచరీ అక్కర్లేదు, గట్టే హేచరీ. దాన్ని మన ఊరికి తెచ్చేది ఆక్సిజన్ కొట్టిన పాలిథిన్ కవర్, కొరియర్ పార్సెల్. క్వారంటైన్ ఏదైనా ఉందంటే మా అక్కావాళ్ళ చెప్పుల స్టాండు.

పార్సెల్‌లో ఇంకా ఏం వస్తుందో కూడా బావకి చెప్పాను. తెల్లమచ్చల వైరస్ అంటే ఆయనకి నేను వివరించక్కర్లేదు. 1994, 95లలో టైగర్ రొయ్య కుప్పకూలినప్పుడు ఆయన మావయ్య పొలం అమ్మేశాడు. ఆ వైరస్ క్రేఫిష్‌లో కూడా బతుకుతుంది. 2007లో అమెరికాలోని లూసియానాలో పెంపకం క్రేఫిష్‌లోనే బయటపడింది. ఇంతసేపూ జోకులేస్తున్న మనిషి ఇక్కడ మాత్రం ఆగాడు. గట్లు, తామరలు, పిట్టలు అన్నీ నేను చెప్పినవి. ఈ ఒక్కటే ఆయన చెవికెక్కింది. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది కానీ, పోనీలే, ఏదో ఒకటి ఎక్కింది.

నా వాదంలో లొసుగు లేదని చెప్పను. కెన్యాలో క్రేఫిష్ నత్తల్ని తిని, నత్తల ద్వారా వచ్చే జబ్బుని తగ్గించిందని పరిశోధనలున్నాయి. స్పెయిన్ పల్లాల్లో కొంగలు, నీటికుక్కలు ఇప్పుడు దాని మీదే బలుస్తున్నాయి. రేపు కొండకర్లలో కొంగలు పెరిగితే 'చూశావా' అని నన్ను ఎవరైనా అడగొచ్చు. పైగా మన కాలువల్లో నేను ఇప్పటిదాకా ఒక్క క్రేఫిష్‌ని కూడా చూడలేదు. లేని పులికి ఉచ్చు బిగిస్తున్నానా అని నాకే అనిపిస్తుంది.

అప్పుడు దెయ్యం చేప గుర్తొస్తుంది. గాజు మీద నాచు తింటుందని అక్వేరియాల్లో వేసిన చేప. పెద్దదయ్యాక ఎవరో కాలువలో పడేశారు. ఇవాళ కృష్ణా గోదావరి కాలువల్లో వల వేసేవాళ్ళని అడగండి, దాని ముళ్ళకి వలలు ఎలా చిరుగుతాయో చెబుతారు. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాల వాళ్ళు నీటిలో మిగిలే డీఎన్‌ఏని బట్టి అది మన తూర్పు కనుమల జలాశయాల్లో ఎంత దూరం పాకిందో పట్టుకున్నారు. క్రేఫిష్‌కి కూడా ముందుగానే అలా వెతికితే బాగుండును. కాలువలో కనబడ్డాక కాదు. మొదట్లో ఆ చేపకి కూడా తెలుగు పేరు లేదు, వల చిరిగాక వచ్చింది.

మూత

కాబట్టి కాలువ దగ్గర కాదు, అక్వేరియం మూత దగ్గరే దీన్ని ఆపాలి అనేది నా మాట. నిషేధిస్తే సరిపోతుందా? ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని 2000లోనే నిషేధించారు. దొంగతనంగా పెంచుతున్న చెరువుల్ని ధ్వంసం చేశారన్న వార్త ఇప్పటికీ వస్తుంటుంది. జపాన్ వాళ్ళకి ఈ అనుభవం మనకంటే పాతది. 1927లో కప్పల పెంపకానికి మేతగా అమెరికా నుంచి తెచ్చిన క్రేఫిష్‌లో బతికినవి ఓ ఇరవై. వాటితోనే మొదలై దేశమంతా పాకాయి. 2023 జూన్‌లో వాళ్ళు అమ్మకాన్ని, వదిలెయ్యడాన్ని నిషేధించారు, ఇంట్లో ఉన్నవాటిని పెంచుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. పూర్తిగా వద్దంటే భయపడి అందరూ తెచ్చి చెరువుల్లో పోస్తారని వాళ్ళకి తెలుసు.

ఆ భయం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే మా అక్క చెయ్యబోయింది అదే. చెప్పుల స్టాండు సంఘటన తర్వాత ఆవిడ, "ముడసర్లోవ రిజర్వాయరులో వదిలేసిరారా తమ్ముడూ, పాపం ప్రాణం కదా" అంది. మనకి నీళ్ళలో వదలడమంటే పుణ్యం. తాబేలుని కోనేట్లో వదులుతాం, చేపకి మరమరాలు వేస్తాం. గెడ్డలో పారేసే చాలామందిది నిర్లక్ష్యం కాదు, జాలి. ఆ జాలికి వేరే దారి చూపించకుండా బోర్డులు పెడితే ఎవరు వింటారు? కొన్న షాపే, డబ్బు వెనక్కివ్వకపోయినా, జీవాన్ని వెనక్కి తీసుకోవాలి. బిల్లు మీద ఒక్క లైను చాలు. మా మేనల్లుణ్ణి తీసుకుని నేను ఆ షాపుకి వెళ్ళాను. "ఒకసారి అమ్మింది తీసుకోం సార్. గెడ్డలో వేసెయ్యండి, బతికేస్తది" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, చాలా మర్యాదగా.

దాన్ని మా ఇంటికే తెచ్చుకున్నాను. మూత మీద ఇటుక పెట్టాను. పదిహేను రోజులకి ఒక పొద్దున తోక కింద నల్లటి గుత్తి కనబడింది. ఒక్కటే ఉన్న తొట్టెలో గుడ్లు. ఎర్రరకంలాంటి వాటిలో ఆడది మగదానితో కలిశాక నెలల తరబడి వీర్యాన్ని దాచుకోగలదు, మార్బుల్ రకానికైతే మగదే వద్దు. దారి ఏదైతేనేం, లెక్కపెట్టబోయి నూట యాభై దగ్గర ఆపేశాను.

మా మేనల్లుడికి అబద్ధం చెప్పలేదు. ముందు ఫ్రిజ్‌లో పెడితే చలికి మగతలోకి వెళ్తుంది, తర్వాత ఫ్రీజర్‌లో పెట్టాలి, నొప్పి తెలియకుండా పోవడానికి చెప్పే పద్ధతి ఇదీ అని చెప్పాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "మావయ్యా, గుడ్లు కూడానా?" అని ఒక్క మెసేజ్ పెట్టాడు. అవునని పెట్టాను. తొట్టె నీళ్ళు సింకులో పొయ్యకుండా డాబా మీద కుండీలకి పోశాం.

పండక్కి ఊరెళ్తూ దాన్ని స్టీలు డబ్బాలో ఐసు మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను, చిన్నాన్నకి చూపిద్దామని. ఇది గట్టు మీద కనబడితే నాకు వెంటనే ఫోన్ చెయ్యాలి, ఫొటో తియ్యాలి, ఎవరికీ ఇవ్వకూడదు, అంతా చెప్పాను. స్పెయిన్ సంగతి, అరకు మడుల సంగతి, అంతా. ఆయన అరుగు మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. దాన్ని వేళ్ళతో పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. తోక నొక్కి కండ ఎంతుందో చూశాడు.

"ఇగురొండితే ఎలాగుంటాదేట్రా?" అన్నాడు.